జముకుకు జాతి ధ్రువపత్రం: హిప్ హాప్ పుట్టుక వాదాలు, ఉద్దానం పాట

ర్యాప్ మన బుర్రకథలోనే ఉందని, జముకుల కథకుడే తొలి ర్యాపరని, మృదంగపు జతులలో న్యూయార్కు వీధిపాటకు మూలం దొరుకుతుందని అనే మాటలు మన జానపద సదస్సులకు కొత్తవి కావు. అన్నవారికి చప్పట్లు పడతాయి, విన్నవారికి ఛాతీ పొంగుతుంది. ఈ వ్యాసం ఆ మాటలకు వ్యతిరేకంగా రాసినది. అవి చారిత్రకంగా నిలవవన్నది వాటిని కాదనడానికి చిన్న కారణం మాత్రమే. పాట పుట్టుకను జాతిలో, భాషలో, ప్రాచీనతలో వెదికే అలవాటు పాట కట్టిన మనిషిని, వాయించిన చేతిని కనబడకుండా చేస్తుందన్నది అసలు అభ్యంతరం. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతపు పాట విషయంలో ఈ అదృశ్యీకరణ పూర్తి కావచ్చింది. అందులో మన తెలుగు శాఖల పాత్ర తక్కువది కాదు.

హిప్ హాప్ పుట్టుక గురించి అమెరికాలో సాగిన వాదాన్ని ముందు సరిగా చదవాలి. మనవారు దాని శీర్షికను అరువు తెచ్చుకున్నారు గాని లోపలి తగవును తెచ్చుకోలేదు. ఆ తగవుకు కేంద్రమైన సంఘటన అందరికీ తెలిసినదే. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరం బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ వీధి 1520 నంబరు భవనంలోని సామూహిక గదిలో ఒక విందు జరిగింది. దాన్ని ఏర్పాటు చేసినది సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేనాటికి కొత్తబట్టలు కొనుక్కోవడానికి. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు ప్రవేశ రుసుము. రికార్డులు తిప్పినవాడు ఆమె అన్న క్లైవ్, కూల్ హెర్క్‌గా లోకానికి తెలిసినవాడు. పక్కన మైకు పట్టినవాడు కోక్ లా రాక్. నృత్యం చేసేవాళ్లు పాటలో ఏ భాగం కోసం ఎదురుచూస్తున్నారో హెర్క్ గమనించాడు. గాయకులు ఆగిపోయి డ్రమ్ములు ఒక్కటే మోగే కొద్ది క్షణాల భాగం అది. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు యంత్రాలమీద పెట్టి ఆ భాగాన్ని పొడిగించే పద్ధతిని అతడు సాధన చేశాడు. హిప్ హాప్ సంగీత నిర్మాణానికి పునాది ఈ పొడిగింపే.

హెర్క్ జమైకాలో పుట్టి 1967లో బ్రాంక్స్ చేరినవాడు. కాబట్టి హిప్ హాప్ జమైకాదని ఒక పక్షం. కింగ్‌స్టన్ వీధులలో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి, పాటమీద మాటలు పేర్చే ‘టోస్టింగ్’ అక్కడ ముందే ఉంది. అయితే ఆ టోస్టింగ్ చేసినవారు అమెరికా దక్షిణ ప్రాంతపు నల్లజాతి రేడియో వ్యాఖ్యాతల వాగ్ధోరణిని విని అనుకరించినవారు. అంటే మూలం వెదుక్కుంటూ జమైకా వెళ్లినవాడు అక్కడినుంచి తిరుగు ఓడ ఎక్కి అమెరికాకే రావాలి. హెర్క్ స్వయంగా ఒక సందర్భంలో టోస్టింగుకూ తన పనికీ సంబంధం లేదన్నాడు, మరికొన్ని సందర్భాలలో తన చిన్ననాటి సౌండ్ సిస్టముల ప్రభావాన్ని ఒప్పుకున్నాడు. పశ్చిమాఫ్రికాలో వంశగాథలు పాడే గ్రియోల దగ్గరికి మూలాన్ని తీసుకుపోయేది మరొక పక్షం. ప్యూర్టోరికో సంతతివారిది ఇంకొక పక్షం. రాక్ స్టెడీ క్రూ నర్తకులను, కోల్డ్ క్రష్ బ్రదర్స్ బృందంలో రికార్డులు తిప్పిన చార్లీ చేజ్‌ను చూపి, మేము మొదటినుంచీ అక్కడే ఉన్నామని వారంటారు. వారు ఉన్నమాట నిజం. రకెల్ రివేరా 2003లో ప్రచురించిన గ్రంథం ఆ ఉనికినీ, దాన్ని మరిచిపోయిన తీరునూ వివరించింది. కాని ఉండడం వేరు, సగం వాటా వేరు అని ఆఫ్రికన్ అమెరికన్ పక్షం జవాబు చెబుతుంది. ఆ జవాబులోని కోపాన్ని తేలికగా తీసుకోకూడదు. జాజ్, బ్లూస్, రాక్ వరసగా తమ చేతులలో పుట్టి ఇతరుల పేర్లమీద చలామణి కావడం చూసినవారి కోపం అది.

ఈ పక్షాలన్నిటినీ ఇరకాటంలో పెట్టే రికార్డు ఒకటి ఉంది. హిప్ హాప్ జాతీయగీతమని పేరుపడిన ‘అపాచీ’. బాణీ కట్టినవాడు జెర్రీ లోర్డన్ అనే ఆంగ్లేయుడు. పేరు అమెరికా ఆదివాసీ తెగది. బ్రాంక్స్‌లో మోగిన ఆ వాయింపు ఇన్‌క్రెడిబుల్ బాంగో బ్యాండ్ అనే స్టూడియో బృందానిది, రికార్డు చేసినది కెనడాలోని వాంకూవరులో. బాంగోలు వాయించిన కింగ్ ఎరిసన్ బహామాస్ దీవులవాడు. దీనికి జాతి ధ్రువపత్రం ఏ తహసీల్దారు ఇవ్వగలడు?

ఇక్కడే చాలామంది రెండో తప్పుదారి పడతారు. అన్నీ కలగలుపే గనుక హిప్ హాప్ అందరిదీ అంటారు. వినడానికి ఉదారమైన మాట. కాని అందరిదీ అన్న సొత్తు ఆచరణలో కంపెనీదవుతుంది. విన్‌స్టన్స్ బృందం 1969లో విడుదల చేసిన ‘అమెన్, బ్రదర్’ పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఏడు సెకన్లకు మించని డ్రమ్ము వాయింపును ఆ తరువాత వేల రికార్డులలో కోసి అతికించారు. కోల్‌మన్ 2006లో నిరుపేదగా చనిపోయాడు. ఆ వాయింపుకు అతనికి ప్రతిఫలమేమీ ముట్టలేదు. జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’లో వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌దీ దాదాపు అదే కథ. పాట కర్తగా బ్రౌన్ పేరుంది, డ్రమ్మువాడి పేరుమీద హక్కు లేదు. జమైకా, ఆఫ్రికా, ప్యూర్టోరికో అని పండితులు కొట్టుకుంటున్న సంవత్సరాలలోనే ఈ ఇద్దరి చేతిపని లెక్కలోకి రాకుండా అమ్ముడుపోతూ వచ్చింది. పుట్టుక వాదంలో న్యాయమైన ప్రశ్న ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. వాయించినదెవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి డబ్బు చేరింది?

బ్రాంక్స్ చరిత్రకారులకు ఒక అదృష్టం ఉంది. వారికి తేదీ, వీధి, గది, ప్రవేశ రుసుము, చెల్లెలి పేరు దొరికాయి. తగవు ఎంత ముదిరినా అది ఆ వివరాలమీద నిలబడి సాగుతుంది. ఈ మూడు ప్రశ్నలనూ, ఆ వివరాల లెక్కనూ వెంటబెట్టుకుని మన జముకు దగ్గరికి వద్దాం.

జముకు ఒకవైపు తోలు మూసిన గొట్టంవంటి వాద్యం. తోలు మధ్యలోంచి తీగ పోతుంది. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, తీగను ఒక చేత్తో లాగి బిగువు మారుస్తూ రెండో చేత్తో మీటితే, తాళమూ శ్రుతీ కలిసిన ఒక వింత ధ్వని పలుకుతుంది. మాట్లాడుతున్నదో, మూలుగుతున్నదో తెలియని ధ్వని అది. ఉత్తరాంధ్రలో కథకుడూ వంతలూ దీని ఆసరాతో పాటనూ వచనాన్నీ పెనవేసి రాత్రి పొడుగునా కథ నడుపుతారు. దీన్ని అచ్చ తెలుగు వాద్యమని రాసిన వ్యాసకర్తలు తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథకు మీటే జమిడికను గుర్తుచేసుకుంటారు. అంతవరకు బాగుంది. కాని అదే కుటుంబపు వాద్యాన్ని కర్ణాటకలో ఎల్లమ్మ భక్తులు చౌడికె అంటారు, మహారాష్ట్రలో చౌండకం అంటారు. బెంగాల్ బావుల్ గాయకుల చేతిలో అది ఖమక్, రాజస్థాన్ మేవాత్‌లో భపంగ్. ఏ భాషవాడు మొదట తోలుకు చిల్లు పొడిచి తీగ దూర్చాడో తేల్చబోవడం కాలక్షేపానికి పనికివస్తుంది. ఉద్దానంలో జముకు మీటినవాడి గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

పైగా ఉద్దానం భాషాజాతి సరిహద్దు గీతకు లొంగే చోటు కాదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ తెలుగు, ఒడియా మాటలు ఒకే సంతలో తిరుగుతాయి. పడమటి కొండలమీద సవర, జాతాపు పల్లెలు ఉన్నాయి. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లోనే రైలు నడిచింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరిన రోజున గిడుగు రామమూర్తి ఆ ఊరు విడిచి వచ్చేశాడు. మనం ఆయన నిష్క్రమణనే గుర్తుంచుకున్నాం. ఆ ఊళ్లో ఆయన దశాబ్దాలపాటు సవరలను ఇంట్లో పెట్టుకుని వారి భాష నేర్చుకున్న సంగతి మన సదస్సులలో తక్కువగా వినబడుతుంది. గీత పడ్డాక పాటలు ఇటువి ఇటూ, అటువి అటూ ఉండిపోలేదు. మన గ్రంథసూచికలు మాత్రం ఉండిపోయాయి.

ఈ నేలమీద జముకుల కథకు ఆధునిక చరిత్రలో అందరూ చెప్పే పేరు సుబ్బారావు పాణిగ్రాహి. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి పూజారి. ఇంటిపేరు ఒడియా బ్రాహ్మణులది. ఆయన పాట తెలుగు. గిరిజనులూ ఉద్దానం రైతాంగమూ పాల్గొన్న శ్రీకాకుళం పోరాటంకోసం జముకుల కథను మలిచి, ఊరూరా చెప్పి, 1969 డిసెంబరులో పోలీసు కాల్పులలో మరణించాడు. మన వాదులు చెప్పాలి, ఆయన జముకుల కథ ఏ జాతిది? పాడినవాడి పుట్టుకనుబట్టి ఒడియాదా, భాషనుబట్టి తెలుగుదా, విన్నవారినిబట్టి సవరలదా, ప్రక్రియ కాపాడిన అట్టడుగు కులాల కథకులదా? నాలుగు జవాబులూ కొంత నిజం. వాటిని పక్కపక్కన పేర్చి ఆనందించడం నా ఉద్దేశం కాదు. ఐదో ప్రశ్న అడగాలి. గుడి పూజారికి జముకు పట్టడం నేర్పినదెవరు? ఆయన వెంట వంత పాడినవారెవరు? పాణిగ్రాహి త్యాగాన్ని, ప్రక్రియను ఆయన కొత్తదారి పట్టించిన తీరును మన సాహిత్య చరిత్రలు గౌరవంగా చెబుతాయి. ఈ ప్రశ్న దగ్గర మాత్రం ‘ప్రజల ప్రక్రియను ప్రజలకోసం’ అన్న వాక్యం రాసి ముందుకు సాగుతాయి. ప్రజలు అన్న మాట ఎంత పెద్దదో, అంత సౌకర్యమైన చీకటి.

పోలికకు బుర్రకథను చూడవచ్చు. జంగం కథగా పుట్టిపెరిగిన ఆ ప్రక్రియను ప్రజానాట్యమండలి రోజులలో ఆంధ్రమంతా మోగించినవాడు షేక్ నాజర్, దూదేకుల ముస్లిం, గుంటూరు జిల్లా పొన్నెకల్లువాడు. బుర్రకథ శైవమా, ముస్లిమా అని ఎవరూ అడగరు. ఎందుకంటే నాజర్ తన బతుకు తానే చెప్పుకున్నాడు. ఆ ఆత్మకథకు పెట్టిన పేరు ‘పింజారి’. కులం పేరును దాచకుండా, దాని వెనక మనిషిని దాగనివ్వకుండా ఉన్న శీర్షిక అది. ఉద్దానం జముకు కళాకారులలో ఎందరికి అటువంటి పుస్తకం దక్కింది?

దక్కకపోవడం యాదృచ్ఛికం కాదు. మన జానపద విజ్ఞానం ఆరంభంలోనే జానపద గేయానికి ఒక లక్షణం స్థిరపరిచింది, అజ్ఞాత కర్తృకమని. బిరుదురాజు రామరాజుగారి తరం పల్లెపల్లె తిరిగి సేకరించినప్పుడు, అచ్చు కవిత్వానికి దూరంగా ఉన్న పాటను సాహిత్యంగా నిలబెట్టడానికి ఆ లక్షణం ఉపకరించింది. ఆ తరంపట్ల నాకు గౌరవమే ఉంది. వారు లేకపోతే ఈ తగవు ఆడుకోవడానికి సామగ్రే ఉండేది కాదు. కాని వర్ణనగా మొదలైన మాట విధిగా మారింది. కర్త తెలియని పాట జానపదం అన్నది, జానపదమైతే కర్తను అడగనక్కరలేదు అన్నదాకా వచ్చింది. సిద్ధాంత గ్రంథాల అనుబంధాలు తిరగేస్తే కులం పేరు ఉంటుంది, మండలం పేరు ఉంటుంది, పాడిన మనిషి పేరు చాలాచోట్ల ఉండదు. తప్పెటగుళ్ళు యాదవులవని రాస్తాం. ఏ ఊరి యాదవుడు, ఏ గురువు శిష్యుడు, ఏ పండుగకు, ఎంత సంభావనకు అన్నది రాయం. కులాన్ని ప్రక్రియకు యజమానిగా రాసి, కళాకారుణ్ణి ఆ కులానికి నమూనాగా మిగల్చడం ఇది. అమెరికాలో జాతి పేరు చేసిన పనిని ఇక్కడ కులం పేరు చేస్తున్నది.

దీని ఫలితం బజారులో కనబడుతుంది. 2020లో కరుణ కుమార్ దర్శకత్వంలో ‘పలాస 1978’ విడుదలైంది. పలాస పట్టణంలో ఆటపాటలతో బతికే అట్టడుగు కులపు అన్నదమ్ముల కథ అది. ప్రదర్శించినవాడికి మర్యాద ఎందుకు దొరకదన్నది ఆ సినిమా గుండెలోని ప్రశ్న. ఆ చిత్రంలో జనం నోళ్లలో నానిన ‘నక్కిలీసు గొలుసు’ పాటకు రచయిత స్థానంలో ప్రచారమైన మాట ‘ఉత్తరాంధ్ర జానపదం’. కళాకారుడి పేరుకోసం పోరాడే కథలో పాటకు ఒక ప్రాంతమే కర్త అయింది. దీనికి సినిమావారిని నిందించడం తేలిక. ఆ రెండు మాటల ముద్ర తయారైనది మాత్రం మన శాఖలలోనే. వారు తెచ్చుకుని అంటించారు.

పేరున్న కవికి కూడా ఈ ముద్రనుంచి రక్షణ లేదు. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు కట్టిన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ ఊరూరా తిరిగి జానపదమైపోయింది. 2009లో ‘మగధీర’ చిత్రంలోని ఒక పాటలో ఆ మాటలు వాడినందుకు ఆయన అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. బతికున్న కవి, సభలలో గజ్జెకట్టి ఆడుతున్న కవి, ఆ మాటలు నావి అని పత్రికలకు చెప్పుకోవాలా? ఇక జముకు మీటే వృద్ధుడి మాట ఎవరు వింటారు? హిప్ హాప్ పేరుమీదే మన పొరుగున తమిళనాడులో ఇటువంటిది జరిగింది. 2021లో ‘ఎంజాయ్ ఎంజామి’ ప్రపంచమంతా మోగింది. దాన్ని రాసి, గాయనితో కలిసి పాడిన దళిత ర్యాపర్ అరివు లేని ముఖచిత్రాన్ని రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక వేసింది, విమర్శలు వచ్చాక ఆయనకు వేరే ముఖచిత్రం వేసింది. ఆ పాట తేయాకు తోటల్లో చాకిరీ చేసిన పూర్వీకుల దుఃఖంనుంచి వచ్చిందని అరివు చెబుతూనే ఉన్నాడు. అది ఆఫ్రికన్ రూపమా, తమిళ ఒప్పారియా అని చర్చించినవారికి కొదవ లేదు. ముఖచిత్రంమీద ఎవరుండాలన్న ప్రశ్నకు ఆ చర్చ అక్కరకు రాలేదు.

మౌఖిక సంప్రదాయం సమష్టి సృష్టి, దానికి వ్యక్తి పేరు తగిలించడం అచ్చు యుగపు అహంకారం అని ఒక ఆక్షేపణ వస్తుంది. గట్టి ఆక్షేపణే, కాని గురి తప్పినది. సమష్టి అంటే పేర్లు లేనిది కాదు, పేర్లు ఎక్కువ ఉన్నది. హిప్ హాప్ బృందాలు సమష్టివే. వాటిలో రికార్డు తిప్పినవాడు, మాట పేర్చినవాడు, నేలమీద గిరగిర తిరిగినవాడు అందరికీ పేర్లున్నాయి. ఒక పాటను ముగ్గురు మూడు రకాలుగా పాడితే మూడు పేర్లూ, మూడు పాఠాలూ రాయాలి. అది శ్రమ. అజ్ఞాత కర్తృకమని ఒక్కమాటలో తేల్చడం ఆ శ్రమ తప్పించుకునే పద్ధతి కూడా.

జముకును ర్యాప్‌కు ముత్తాతను చేస్తే దానికి గౌరవం పెరుగుతుంది కదా, పిల్లలు వింటారు కదా అని ఇంకొక ఆక్షేపణ. పెరిగేది ఎవరి గౌరవం? న్యూయార్కు కొలబద్దతో కొలిచినప్పుడే విలువ తేలే వాద్యంగా జముకును నిలబెట్టడం దాన్ని తక్కువ చేయడమే. బానిసత్వాన్నీ వెలినీ దాటి తమ కళ నిర్మించుకున్న నల్లజాతివారి నుంచి దాని పుట్టుకను మనం లాక్కోబోవడం అంతకన్నా అసహ్యం. పాటమీద మాటను తాళబద్ధంగా విసరడం లోకంలో అనేక చోట్ల ఉంది. పోలిక ఉన్నంత మాత్రాన వంశవృక్షం గీయలేం. తెలుగు మూలాలున్న కాలిఫోర్నియా కళాకారిణి రాజ కుమారి తన ర్యాపులో శాస్త్రీయ నృత్యపు జతులను వాడితే అది ఆమె చేసిన కలయిక. ఆమె ప్రతిభను ప్రాచీనుల ఖాతాలో జమకట్టడమెందుకు?

చట్టం ఈ విషయంలో మన శాఖలకన్నా ముందుంది. 1994 సవరణతో భారత కాపీరైటు చట్టంలోకి ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణ దాన్ని విస్తరించి, ప్రదర్శకుడిగా గుర్తింపు పొందే నైతిక హక్కునూ చేర్చింది. పాట కర్త ఎవరో తెలియకపోవచ్చు. ఫలానా రోజున, ఫలానా చోట దాన్ని పాడిన గాయకుడికి, మీటిన వాద్యకారుడికి ఆ ప్రదర్శనమీద హక్కుంది. ఆ హక్కు అడగాలంటే సాక్ష్యం కావాలి. మన పరిశోధకుడి ధ్వనిముద్రణ, తేదీ, ఊరు, పేరు, గురువు పేరు రాసిన అనుబంధపు పుట ఆ సాక్ష్యం కాగలదు. పేరులేని పుట అదే పాటను ఎత్తుకుపోయేవారికి ధ్రువపత్రం అవుతుంది.

కాబట్టి మా వంటి శాఖలలో జానపద సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షించేవారు ఒక పని చేయవచ్చు. జముకుల కథ ర్యాప్‌కు పూర్వరూపమా అన్న అధ్యాయాన్ని పక్కన పెట్టించి, ఆ పుటలలో పాడినవారి వివరం రాయించాలి. గ్రంథం ప్రతి ఒకటి ఆ కళాకారుడి ఇంటికి చేరాలి. ఇందులో ఒక చిక్కు ఉంది. కులంతో కలిపి తన పేరు అచ్చులో రావడం ఇష్టం లేని కళాకారులుంటారు. పట్నంలో చదువుకుంటున్న పిల్లల సంబంధాలు, అద్దె ఇళ్లు వారికి గుర్తొస్తాయి. పాణిగ్రాహి కాలం నుంచి పోలీసు భయంతో నోరు కట్టుకున్న కుటుంబాలూ ఉంటాయి. ఏది రాయాలో, ఏది వద్దో వారే చెప్పాలి, చెప్పినది చదివి వినిపించాక సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. బొడ్డపాడు చుట్టుపక్కల 1969 నాటి జముకు విన్నవారిలో అతి చిన్నవారికి కూడా ఈనాడు డెబ్బై దగ్గర పడుతున్నది. ఈ ప్రశ్నలు వారిని ఈ సంవత్సరంలోనే అడగాలి.